పొగజాడ

న్యాయశాస్త్రం చదవబూనిన వారికి మొట్టమొదట ఎదురయ్యేది ఒక కొండ. ఆ కొండపై పొగ కనిపిస్తుంది; నిప్పు మాత్రం కనిపించదు. అయినప్పటికీ చూచినవాడు అక్కడ నిప్పు ఉన్నదని నిశ్చయించుకొంటాడు. వంటయింటిలో పొగ ఉన్నప్పుడల్లా నిప్పు ఉండటం అతడు ఎన్నోమార్లు చూచి ఉన్నాడు. ఆ అనుభవమే ఈ నిశ్చయానికి ఆధారం. దీనినే అనుమానప్రమాణం అన్నారు. మన వాడుకలో అనుమానమంటే సందేహం. శాస్త్రంలో అనుమానమంటే సందేహాన్ని తీర్చుకొనే మార్గం. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు, ఆంధ్రుడని ప్రసిద్ధి, తన తర్కసంగ్రహంలో ఈ కొండనే ఉదాహరణగా గ్రహించాడు. కొండ పక్షం, నిప్పు సాధ్యం, పొగ హేతువు. హేతువుకే లింగమని మరొక పేరు. లింగమంటే గుర్తు.

ముప్పది ఏళ్ళుగా ప్రాచీన కావ్యాలు బోధిస్తూ బ్రతుకుతున్న నాకు ఈ కొండ చిరపరిచితమే. అయితే ఈ మధ్య దీనిని తలక్రిందులుగా నిలబెట్టినవారు ఉన్నారని తెలిసింది. వారు నైయాయికులు కారు, వైద్యశాస్త్ర పరిశోధకులు. వారికి పొగ హేతువు కాదు, సాధ్యం. అంటే పొగనే నిరూపించాలి. కొండకు బదులు వారి ముందు ఒక పసిబిడ్డ ఉంటాడు. ఆ బిడ్డ చుట్టూ పొగ ఉన్నదా, ఉంటే ఎంత ఉన్నది అన్నది ప్రశ్న. పొగ గాలిలో కలిసిపోయింది. పొగ విడిచినవాడు తాను బయట అరుగు మీద కాల్చానంటాడు. తల్లి తల వంచుకొంటుంది. బిడ్డకు మాటలు రావు. అందువలన వారు బిడ్డ రక్తాన్నో, ఉమ్మినో, మూత్రాన్నో అడుగుతారు.

అక్కడ వారు వెదికే పదార్థం పేరు కోటినిన్. ఈ పేరును ఒకసారి పరికించండి. 1560 ప్రాంతంలో పోర్చుగల్లులో ఫ్రెంచి రాయబారిగా ఉన్న జాఁ నికో తమ రాజాస్థానానికి పొగాకును పంపించాడు. అతని పేరు మీదుగానే పొగాకులోని ముఖ్యమైన పదార్థానికి నికోటిన్ అన్న పేరు వచ్చింది. జర్మనీలో 1828లో దానిని ఆకు నుండి వేరుపరచగలిగారు. మన శరీరంలో ప్రవేశించిన నికోటిన్‌లో అధికభాగం, నూటికి డెబ్బది, ఎనుబది పాళ్ళు, కాలేయంలో మరొక పదార్థంగా మారుతుంది. ఆ కొత్త పదార్థానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు పాత పేరులోని అక్షరాలనే అటూ ఇటూ మార్చారు. ని, కో, టి, న్ అన్నవి కో, టి, ని, న్ అయినాయి. ఇంగ్లీషులోనూ అంతే, అక్షరం ఎక్కువా లేదు, తక్కువా లేదు. చిత్రకవిత్వం మన కవుల సొత్తే అనుకొనేదాన్ని. రసాయన శాస్త్రజ్ఞులకు కూడా ఆ సరదా ఉన్నదన్నమాట.

నికోటిన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు. సుమారు రెండు గంటలలో సగం తరిగిపోతుంది. కోటినిన్ సగం కావడానికి మాత్రం పెద్దవారిలో సుమారు పదహారు గంటలు పడుతుంది. కాబట్టి నిన్న పీల్చిన పొగ జాడ ఈ రోజు కూడా దొరుకుతుంది. పొగాకులో తప్ప నికోటిన్ చెప్పుకోదగినంతగా మరెక్కడా లేదు. వంకాయలోనూ టమాటాలోనూ బంగాళాదుంపలోనూ లేశమాత్రంగా ఉన్నమాట నిజమే. ఈ మాట పట్టుకొని వంకాయ మీద నేరం మోపబోయినవారు కూడా ఉన్నారు. ఒక సిగరెట్టు వలన ఒంటికి అందేటంత నికోటిన్ వంకాయల నుండి రావాలంటే పది కిలోల వంకాయలు తినాలి. గుత్తివంకాయ ఎంత ప్రీతికరమైనా అది పసిబిడ్డకు సాధ్యమయ్యే పని కాదు. అందుచేత బిడ్డ రక్తంలో కోటినిన్ ఉన్నదంటే, ఆ బిడ్డ ఎవరో కాల్చిన పొగను పీల్చాడని అర్థం. తల్లిపాల ద్వారా, పొగ అంటిన దుప్పట్లూ నేలా తాకిన చేతిని నోటిలో పెట్టుకోవడం ద్వారా కూడా కొంత చేరుతుంది.

ఇంతవరకు అనుమానం నిర్దుష్టంగానే ఉన్నది. చిక్కు తరువాతి మెట్టులో ఉన్నది. పొగ ఉన్నదా అన్న ప్రశ్నకు కోటినిన్ సమాధానం చెబుతుంది. ఎంత ఉన్నది అన్న ప్రశ్నకు కూడా అదే సమాధానం చెప్పగలదా?

నా దగ్గర ద్వితీయభాషగా తెలుగు చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు అమెరికాలో పిల్లల ఆరోగ్యానికి సంబంధించిన పరిశోధనలో ఉన్నది. అక్కడి తెలుగు కుటుంబాలకు పంచిపెట్టే ఒక కరపత్రానికి తెలుగు మాటలు కావాలని నాకు ఉత్తరం వ్రాసింది. "మేడమ్, ఒంట్లో దొరికే గుర్తును బట్టి బయట జరిగినది తెలుసుకొంటాము. ఆ గుర్తుకు తెలుగులో ఏమనాలి? నేను సాక్ష్యం అని వ్రాసుకొన్నాను, బాగుంటుందా?" అని అడిగింది. వద్దన్నాను. సాక్ష్యం అనగానే ముద్దాయి ఎవరన్న ప్రశ్న వస్తుంది. కరపత్రం చదివేది తల్లి. తన బిడ్డ రక్తమే తనకు వ్యతిరేకంగా సాక్ష్యం పలుకుతున్నదని ఆమె అనుకొంటే మరునాడు ఆసుపత్రికే రాదు. లింగం అన్నది శాస్త్రీయమైన మాటే. కాని నేటి తెలుగులో ఆ మాట వింటే శివాలయమో, వ్యాకరణమో గుర్తుకు వస్తుంది. చివరకు పత్రికలలో కొంత వాడుకలో ఉన్న "జీవసూచిక" అన్న మాటనే పంపించాను. సూచిక సూచిస్తుంది, తీర్పు చెప్పదు.

ఎందుకు తీర్పు చెప్పకూడదో ఆ అమ్మాయి నాకు విడమరచి వ్రాసింది. దానిని నాకు అర్థమైన రీతిలో చెబుతాను.

మా ఊళ్ళో పెరటి నూతి దగ్గర నీళ్ళ గాబు ఉండేది. దాని అడుగున ఒక చిన్న తూము. పైనుండి నీరు పోస్తూ ఉంటే అడుగున కారుతూ ఉంటుంది. గాబులో నీరు ఎంత ఎత్తున నిలిచి ఉన్నదన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: పైనుండి ఎంత పోస్తున్నారు, అడుగున ఎంత కారుతున్నది. తూము సన్నగా ఉంటే కొద్దిపాటి నీరు పోసినా గాబు నిండుతుంది. తూము వెడల్పుగా ఉంటే కడవలకొద్దీ పోసినా నీరు అడుగంటే ఉంటుంది. గాబులోకి తొంగిచూచి నీటిమట్టాన్ని మాత్రమే కొలిచినవాడు ఎన్ని కడవలు పోశారో చెప్పలేడు.

మన శరీరంలో ఆ తూము ఒక ఎంజైమ్. దాని పేరు సీవైపీ 2ఏ6. పేరు కారు నంబరులా ఉన్నా చేసే పని గొప్పది. నికోటిన్‌ను కోటినిన్‌గా మార్చేది ముఖ్యంగా ఇదే. ఆ కోటినిన్‌ను మళ్ళీ హైడ్రాక్సీకోటినిన్ అన్న మరొక పదార్థంగా మార్చి సాగనంపేది కూడా ఇదే. ఈ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు మన 19వ క్రోమోజోమ్ మీద ఉన్నది. తల్లి నుండి ఒక ప్రతి, తండ్రి నుండి ఒక ప్రతి మనకు సంక్రమిస్తాయి. తాళపత్రాలకు ప్రతులు వ్రాసుకొన్న లేఖకుల చేతిలో పాఠాంతరాలు పుట్టినట్లే, తరతరాలుగా ప్రతులు తీయబడుతూ వచ్చిన ఈ జన్యువులో కూడా పాఠభేదాలు ఏర్పడినాయి. కొన్ని భేదాల వలన అర్థం మారదు. కొన్నిటివలన ఎంజైమ్ పని మందగిస్తుంది. కొన్నిచోట్ల ఆ పద్యమే లుప్తమైపోయింది, అంటే జన్యువే లేదు. ఇటువంటి లోపం జపానువంటి తూర్పుఆసియా దేశాల ప్రజలలో మరీ అరుదు కాదు.

చిన్న లెక్క వేసి చూద్దాం. ఇద్దరు పిల్లలు ఆదివారం నాడు ఒకే పెళ్ళివిందులో, ఒకే గదిలో, ఒకే పొగను పీల్చారనుకొందాం. ఇద్దరి రక్తంలోనూ కోటినిన్ సమానంగా ఏర్పడిందనుకొందాం. మొదటి బిడ్డలో అది పదహారు గంటలకు ఒకసారి సగమవుతున్నది. రెండవ బిడ్డలో ఇరవై నాలుగు గంటలకు. రెండు రోజుల తరువాత, అంటే నలుబది ఎనిమిది గంటలకు, మొదటి బిడ్డలో మూడుమార్లు సగమై ఎనిమిదవ వంతు మిగులుతుంది. రెండవ బిడ్డలో రెండుమార్లే సగమై నాలుగవ వంతు మిగులుతుంది. మంగళవారం నాడు రక్తం తీసిన వైద్యుడికి రెండవ బిడ్డ మొదటి బిడ్డకన్న రెట్టింపు పొగ పీల్చినట్లు కనిపిస్తుంది. పీల్చిన పొగ మాత్రం ఒక్కటే. ఇంట్లో రోజూ పొగ ఉన్నా ఇదే కథ. అప్పుడు నిలిచి ఉండే మట్టం, సగమయ్యే కాలం ఎంత ఎక్కువైతే అంత ఎక్కువగా ఉంటుంది.

శ్రద్ధగా చదివే విద్యార్థి ఇక్కడ ఒక ఆక్షేపణ లేవదీయాలి. ఎంజైమ్ మందగిస్తే కోటినిన్ పోవడమే కాదు, తయారు కావడం కూడా మందగిస్తుంది కదా, రెండూ సరికి సరి అయిపోవా? నేనూ అదే అడిగాను. తయారీ ఆలస్యమైనా, నికోటిన్‌కు పోవడానికి వేరే దారులు తక్కువ కాబట్టి చివరకు దానిలో అధికభాగం కోటినిన్‌గానే మారుతుంది. పోయేదారి మాత్రం ఇరుకైనది ఇరుకైనట్లే ఉంటుంది. అందువలన మందగతి వారిలో కోటినిన్ పోగుపడుతుంది. జన్యువు రెండు ప్రతులలోనూ పూర్తిగా లోపించినవారి సంగతి వేరు. వారిలో కోటినిన్ ఏర్పడటమే బహుస్వల్పం. అటువంటి బిడ్డ గదినిండా పొగలో పెరిగినా సూచిక మాత్రం ఏమీ లేదన్నట్లు చూపుతుంది. ఒకే జన్యువు కొంత చెడితే సంఖ్య పెరుగుతుంది, పూర్తిగా పోతే సంఖ్య పడిపోతుంది. ఈ విచిత్రం చదివినప్పుడు నాకు నైయాయికుల "ఉపాధి" గుర్తుకు వచ్చింది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. కాని నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు పచ్చికట్టె తోడు కావాలి. ఆ పచ్చికట్టె తోడే ఉపాధి. పొగకూ కోటినిన్‌కూ నడుమ ఈ జన్యువు అటువంటిదేనని నాకు తోచింది. నిజమైన నైయాయికుడు నా పోలికలో తప్పులు పట్టవచ్చు. ఆయనతో వాదానికి నేను సిద్ధంగా లేను.

పసిపిల్లల విషయంలో మరొక సందేహం చాలాకాలం ఉండేది. పెద్దవారికన్న పిల్లలలో కోటినిన్ త్వరగా పోతుందా, నెమ్మదిగా పోతుందా అన్నది. అప్పుడే పుట్టిన శిశువులో నికోటిన్ సగం కావడానికి సుమారు పదకొండు గంటలు పడుతుంది, అంటే పెద్దవారికన్న అయిదు రెట్లకు పైగా. కోటినిన్ మాత్రం శిశువులోనూ పెద్దవారిలో వలెనే సుమారు పదహారు గంటలలో సగమవుతున్నదని 2000 సంవత్సరంలో తేలింది. ఆ తరువాత 2013లో మరొక పరిశోధన వెలువడింది. రెండు నెలల శిశువుల నుండి ఏడేళ్ళ వయస్సు వరకు ఉన్న పిల్లలకు గుర్తుపట్టడానికి వీలుగా తయారుచేసిన కోటినిన్‌ను అతిస్వల్పంగా ఇచ్చి, కొన్ని దినాలపాటు వారి మూత్రాన్ని పరీక్షించారు. కోటినిన్ తరిగే వేగాన్ని నిర్ణయించేది పిల్లల వయస్సు కాదు, వారి సీవైపీ 2ఏ6 జన్యువు అని ఆ పరిశోధన నిరూపించింది.

ఇది కేవలం లెక్కల తగవు అయితే నేను ఇంత దూరం వచ్చేదాన్ని కాను. ఈ సంఖ్యల వెనుక మనుషులు ఉన్నారు. అమెరికాలో 2011–12 సంవత్సరాల సర్వే ప్రకారం మూడు నుండి పదకొండేళ్ళ పిల్లలలో పొగాకు తాకిడి ఉన్నట్లు కోటినిన్ చూపినవారు నూటికి సుమారు 41 మంది. నల్లజాతి పిల్లలలో అది నూటికి 68. ఈ సంఖ్యను చూచిన వెంటనే ఆ తల్లిదండ్రులు అజాగ్రత్తపరులన్న మాట కొందరి నోట వస్తుంది. 2005లో సిన్సినాటి నగరంలోని ఉబ్బసం గల పిల్లలపై జరిగిన ఒక పరిశోధన ఫలితాలు వెలువడినాయి. తల్లిదండ్రులు చెప్పిన సిగరెట్ల లెక్క ఒకే స్థాయిలో ఉన్నప్పుడు కూడా, ఇంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకొన్న తరువాత కూడా, నల్లజాతి పిల్లలలో కోటినిన్ ఎక్కువగా కనిపించింది. అప్పుడు రెండే మాటలు చెప్పవచ్చు. ఆ తల్లిదండ్రులు అబద్ధమాడుతున్నారని ఒకటి. ఆ పిల్లల శరీరాలు కోటినిన్‌ను నెమ్మదిగా విడుస్తున్నాయని మరొకటి. ఆఫ్రికా సంతతికి చెందిన పెద్దవారిలో కోటినిన్ సగటున నెమ్మదిగా పోతుందని 1998లోనే వెల్లడైంది. ఆ సంగతి తెలియని వైద్యుడు మొదటి మాటనే నమ్ముతాడు. ఒక తల్లి చెప్పిన నిజం, జన్యువు తెలియని కారణంగా, అబద్ధమైపోతుంది.

అట్లాగని సమస్తాన్నీ జన్యువు మీదకు నెట్టివేయడం కూడా నాకు సమ్మతం కాదు. అది మరొక రకమైన సోమరితనం. పేదవారు ఎక్కువగా నివసించేది ఒకే గోడను పదిమంది పంచుకొనే భవనాలలో. ఆ గోడల సందులలో నుండి, తలుపు క్రింది నుండి, గాలిగొట్టాల గుండా ప్రక్కింటి పొగ వస్తూనే ఉంటుంది. సిగరెట్టు ముట్టని ఇంట్లో కూడా బిడ్డ పొగ పీలుస్తాడు. అమెరికాలో ప్రభుత్వ గృహసముదాయాలలో ఇళ్ళలోపల కూడా పొగత్రాగరాదన్న నియమం 2018 నుండి అమలులోకి వచ్చింది. జన్యువును మార్చలేరు, గోడ అవతలివాడిని ఆపగలరు.

పరిశోధకులు తూము వెడల్పును కొలిచే ఉపాయం కూడా కనిపెట్టారు. అది నాకు మిక్కిలి నచ్చింది. రక్తంలో కోటినిన్ ఎంత ఉన్నదో చూడటంతో ఆగకుండా, దాని నుండి పుట్టిన హైడ్రాక్సీకోటినిన్ ఎంత ఉన్నదో కూడా చూస్తారు. రెండవదానిని మొదటిదానితో భాగిస్తారు. ఫలితం పెద్దదైతే ఆ బిడ్డ ఎంజైమ్ చురుకైనది, చిన్నదైతే మందగించినది. జన్యువును చదవనక్కరలేకుండానే దాని నడక తెలిసిపోతుంది. పొగాకుకే ప్రత్యేకమైన ఒక క్యాన్సర్ కారకం నుండి పుట్టే పదార్థాన్ని మూత్రంలో వెదకడం మరొక మార్గం. దాని జాడ వారాల తరబడి నిలుస్తుంది. వెంట్రుకలను పరీక్షించే పద్ధతి కూడా ఉన్నది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, అది గడచిన నెలల దినచర్య వంటిది. అయితే నికోటిన్ నల్లని వెంట్రుకను ఎక్కువగా అంటిపెట్టుకొంటుంది. ఇక్కడ కూడా పుట్టుకతో వచ్చిన రంగు లెక్కకు అడ్డం వస్తున్నది. ఏ సూచికా ఏకాకిగా నిలబడలేదు.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. మాది ఉత్తరాంధ్ర. మా వీధిలో ముసలమ్మలు చుట్టను నిప్పు ఉన్న కొన నోటిలోపల ఉండేటట్లు పెట్టుకొని కాల్చేవారు. దానిని అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో ఈ అలవాటు వలన అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి వైద్యులు ఎన్నో ఏళ్ళుగా వ్రాస్తున్నారు. మా తాతగారు అందరిలా మామూలుగానే కాల్చేవారు. రాత్రి భోజనాలయ్యాక ఆరుబయట, వానాకాలమైతే నడవలో, మంచం వాల్చేవారు. మా తమ్ముడూ నేనూ చెరొకప్రక్కన చేరేవాళ్ళం. ఆయన పోతన పద్యాలు చదివేవారు. ఏనుగును మొసలి పట్టుకొన్నప్పుడు చుట్ట ఆరిపోయేది. విష్ణుమూర్తి బయలుదేరేసరికి మళ్ళీ వెలిగించేవారు. నాకు పద్యం మీద మమకారం కలిగినది ఆ మంచం మీదనే. పొగా పద్యమూ ఒకే నోటి నుండి వచ్చేవి. నాకు ఏమీ కాలేదు. తమ్ముడికి ఏడెనిమిదేళ్ళ వయస్సు వరకు పిల్లికూతలు, ఆయాసం. వాడిది వాతశరీరమని మా నాయనమ్మ వాము నమిలించేది. ఆ ఇద్దరు పిల్లల రక్తంలో కోటినిన్ ఎంతెంత ఉండేదో కొలిచినవారు లేరు.

కొలిచి ఉంటే ఏమయ్యేదని ఆలోచిస్తాను. తమ్ముడి సంఖ్య నా సంఖ్యకన్న తక్కువగా ఉండి ఉండవచ్చు. అతని ఎంజైమ్ చురుకైనదైతే అంతే జరుగుతుంది. అప్పుడు ఇంట్లోవారు, వీడికి పొగ అంటలేదు, ఈ ఆయాసానికి కారణం వేరు అని నిశ్చింతపడేవారు. ఈ ప్రకరణంలో అన్నిటికన్న జాగ్రత్తగా గ్రహించవలసిన విషయం ఇదే. కోటినిన్ త్వరగా పోయినంత మాత్రాన పొగ వలన కలిగే హాని త్వరగా పోదు. పొగాకు పొగలో ఏడువేలకు పైగా రసాయనాలు ఉన్నాయి. వాటిలో సుమారు డెబ్బది క్యాన్సర్ కారకాలు. కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటివాటి పేర్లు మీరు రసాయనశాస్త్రంలో చదివి ఉంటారు. బిడ్డ ఊపిరిగొట్టాలను ఒరిపిడి పెట్టే ఈ పదార్థాలు నికోటిన్ వెళ్ళే తూము గుండా వెళ్ళవు. కోటినిన్ సంఖ్య తక్కువైన బిడ్డ క్షేమంగా ఉన్నాడని గాని, ఎక్కువైన బిడ్డ ఎక్కువ జబ్బుపడతాడని గాని ఆ సంఖ్యను మాత్రమే చూచి చెప్పడానికి వీలులేదు. పరోక్షంగా పీల్చే పొగలో హానిలేని పాళ్ళు అంటూ ఏవీ లేవని అమెరికా సర్జన్ జనరల్ 2006లో ప్రకటించాడు. చెవిపోటు, ఊపిరితిత్తుల జబ్బులు, తీవ్రమైన ఉబ్బసం, నిద్రలో శిశువుల ఆకస్మిక మరణం ఆ నివేదికలో ఉన్నాయి.

మరొకటి. మన పల్లెలలో పచ్చికట్టెలు ఊదుతూ వంటచేసే తల్లి చంకలో ఉన్న బిడ్డ కూడా పొగ పీలుస్తాడు. కట్టెల పొగలో నికోటిన్ లేదు. కాబట్టి ఆ బిడ్డ రక్తంలో ఎంత వెదికినా కోటినిన్ కనిపించదు. దగ్గు మాత్రం వినిపిస్తుంది.

పరోక్ష ధూమపానం అన్న మన మాట కూడా నాకు పూర్తిగా తృప్తినివ్వదు. తెలుగువారు పొగను త్రాగుతారు. నీటినీ పాలనూ త్రాగినట్లే. పానమన్నది ఇష్టపూర్వకంగా చేసే పని. పసిబిడ్డ పొగను త్రాగలేదు. వాడు ఊపిరి పీల్చుకొన్నాడు, అంతే. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో గిరీశం వలన వెంకటేశానికి అబ్బిన విద్య చుట్ట కాల్చడమే. చదివినప్పుడల్లా నవ్వుకొంటాం. ఆ వెంకటేశం పక్క గదిలో ఒక పసివాడు ఉంటే నాటకం ఎట్లా ఉండేదో గురజాడవారు వ్రాయలేదు. 1981లో జపానులోని వైద్యుడు హిరయామా, సిగరెట్టు ముట్టని తొంబదియొక్క వేలమందికి పైగా భార్యలను ఏళ్ళతరబడి గమనించి, భర్తలు కాల్చే సిగరెట్ల వలన వారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతున్నదని ప్రకటించేవరకు, ప్రక్కవారి సంగతి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు.

మన దేశంలో కేరళ హైకోర్టు 1999లో బహిరంగస్థలాలలో పొగత్రాగడాన్ని నిషేధించింది. 2003లో పార్లమెంటు చట్టం చేసింది. 2008 అక్టోబరు 2 నుండి ఆ నియమాలు దేశమంతటా మరింత కట్టుదిట్టంగా అమలులోకి వచ్చాయి. బస్సులలో, సినిమాహాళ్ళలో పొగ బాగా తగ్గిందన్నది నావంటి వయస్సువారికి ప్రత్యక్షానుభవం. కాని చట్టం ఇంటి గడప దగ్గర ఆగిపోతుంది. 2009–10లో నూటికి 52 మంది పెద్దలు తమ ఇంట్లోనే ఇతరుల పొగను పీలుస్తున్నారని సర్వే చెప్పింది. 2016–17 నాటికి అది నూటికి 39కి తగ్గింది. తగ్గినందుకు సంతోషమే. ఆ ఇళ్ళలో మంచాలు వాల్చుకొని కథలు వినే పిల్లల లెక్క అందులో లేదు. ఆ సర్వే అడిగింది పదిహేనేళ్ళు దాటినవారిని.

మా అమ్మాయి కరపత్రం ఇంకా పూర్తికాలేదు. జీవసూచిక అన్న మాటను ఒప్పుకొన్నది. తరువాత కోటినిన్ సగం కావడానికి పట్టే కాలానికి పేరు అడిగింది. భౌతికశాస్త్ర గ్రంథాలలో ఉన్నదే కదా అని "అర్ధాయువు" అని వ్రాసి పంపాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. "మేడమ్, ఒక తల్లికి చదివి వినిపించాను. అర్ధాయువు అనగానే ఆవిడ బిడ్డను దగ్గరకు లాక్కొన్నది. సగం ఆయుష్షు అనుకొన్నది కాబోలు. వేరే మాట చెప్పండి." నిఘంటువులన్నీ తిరగవేసి, చివరకు వాటిని మూసివేసి, "సగమయ్యే కాలం" అని వ్రాశాను. ఇంగ్లీషులో ఉన్నంత క్లుప్తంగా లేదు, అయినా ఆవిడకు అర్థమైందట.